ఎడారి క్యాంపులో నీడ నిలబడాలంటే: బర్నింగ్ మ్యాన్‌కు వెళ్లే బృందాలకు సమగ్ర మార్గదర్శి

అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో, బ్లాక్ రాక్ ఎడారిలో, ఏటా ఆగస్టు చివర జరిగే, గుడారాల్లో ఉండి గడిపే ఉత్సవం బర్నింగ్ మ్యాన్‌కు బృందంగా బయల్దేరేవాళ్లు ముందు గుడ్డ కొంటారు, ఆ తర్వాత పైపులు. నేలలోకి దిగాల్సిన బోల్టుల సంగతి బయల్దేరే వారం గుర్తొస్తుంది. ఈ వరస తిరగేయాలి. ముందు బోల్టులు, తర్వాత పైపులు, చివరికి గుడ్డ. డబ్బు చాలకపోతే నీడ విస్తీర్ణం తగ్గించుకోండి గానీ బోల్టుల లెక్క తగ్గించొద్దు.

ఎందుకో తెలియాలంటే నేల, గాలి, ఎండ ఈ మూడింటి లెక్క ముందు చూసుకోవాలి.

నేల, గాలి

అందరూ ప్లాయా అని పిలిచే ఆ మైదానం ఒకప్పటి లహోంటాన్ సరస్సు అడుగు. సముద్రమట్టానికి దాదాపు 3,900 అడుగుల ఎత్తు. క్షారం నిండిన సన్నటి బంకమట్టి. పైన పెంకు కట్టి గట్టిగా ఉంటుంది, తొక్కిన కొద్దీ పిండిలా నలిగి లేస్తుంది. తాడు కట్టడానికి చెట్టుండదు, బరువు పెట్టడానికి రాయి దొరకదు. పగలు 38 డిగ్రీల సెల్సియస్ దాటే రోజులుంటాయి, రాత్రి స్వెట్టర్ లేకుండా కూర్చోలేరు. గాలి ఎక్కువగా నైరుతి నుంచో పడమర నుంచో, మధ్యాహ్నం తిరిగాక పెరుగుతుంది.

గంటకు 60 మైళ్ల విసురు అక్కడ విడ్డూరమేమీ కాదు. ఆ వేగంలో గాలి ఒత్తిడి చదరపు మీటరుకు దాదాపు 45 కిలోలు. 20 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు ఉన్న పందిరి అంటే 37 చదరపు మీటర్లు. దాని మీద గాలి చొరబడని టార్పాలిన్ పరిచారనుకుందాం. మోటు లెక్కన 1,670 కిలోల బలం దాన్ని ఎత్తి విసిరేయాలని చూస్తుంది. 12 తాళ్లు 45 డిగ్రీల వాలులో సమానంగా ఆపుతున్నా ఒక్కో తాడు మీద దాదాపు 200 కిలోలు. నిజానికి సమానంగా ఎప్పుడూ పడదు. గాలి వచ్చే వైపు రెండు మూడు తాళ్లే సింహభాగం మోస్తాయి, వాటిలో ఒకటి ఊడితే మిగతావి వరసగా ఊడతాయి. గాలి వేగం సగమైతే బలం నాలుగో వంతుకు పడిపోతుంది. 30 మైళ్ల గాలికి తట్టుకుందని మురిసిపోయిన పందిరి 60 మైళ్లకు లేచిపోవడం వెనక ఉన్నది ఈ లెక్కే.

ఎండ: నీడ కదిలిపోతుంది

పందిరి వేస్తే దాని కిందే నీడ ఉంటుందనుకుంటారు. అది మధ్యాహ్నపు మాట. అక్కడి గడియారంలో సూర్యుడు నడినెత్తికి వచ్చేది దాదాపు ఒంటిగంటకు, అప్పుడు కూడా పూర్తిగా నడినెత్తిన ఉండడు. ఆగస్టు చివర దక్షిణాన 58 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. కాబట్టి 8 అడుగుల ఎత్తు పందిరి నీడ ఆ వేళకే 5 అడుగులు ఉత్తరానికి జరిగి ఉంటుంది. ఉదయం 9కి నీడ పడమర వైపు 14 అడుగులు, సాయంత్రం 4కి తూర్పు వైపు 10 అడుగులు, 6 గంటలకు ఏకంగా 27 అడుగులు జరుగుతుంది. 20 అడుగుల పందిరికి 27 అడుగులంటే, నీడంతా మీ స్థలం దాటి పక్క క్యాంపు వాళ్లకు చేరిందన్నమాట.

దీన్నిబట్టి రెండు పనులు. పడమటి వైపు పై నుంచి కిందికి నీడ గుడ్డతో గోడ దించాలి, అడుగున ఒక అడుగు ఖాళీ వదలాలి, గాలి ఆడుతుంది. తూర్పు వైపు కూడా ఒక గోడ కావాలి. రాత్రంతా తిరిగి తెల్లవారుజామున పడుకున్నవాళ్లను 8 గంటలకే గుడారంలోంచి బయటికి తరిమేది తూర్పు ఎండే.

దిక్సూచి తేకపోయినా ఫరవాలేదు, ఉత్సవం కోసం ఎడారిలో వెలిసే తాత్కాలిక ఊరి వీధులే దిక్సూచి. అక్కడి వీధులకు గడియారం అంకెల పేర్లుంటాయి, 12 గంటల వైపు ఈశాన్యం. ఆ లెక్కన 7:30 వైపు పడమర, 4:30 వైపు దక్షిణం, 6:00 వైపు నైరుతి. అంటే గాలి వచ్చే వైపు 6:00 నుంచి 7:30 మధ్య. ఈ ఒక్క ముక్క క్యాంపులో అందరికీ నోటికి రావాలి.

ఎంత నీడ కావాలి

24 మంది బృందాన్ని తీసుకుందాం. కొందరు జంటలుగా, కొందరు ఒంటరిగా పడుకుంటే 14 గుడారాలవుతాయి. ఒక్కో గుడారానికి 10 అడుగుల చదరం వదలండి, మొత్తం 1,400 చదరపు అడుగులు. అందరూ కూర్చునే చోటుకు 400, వంటకు 200. అంటే 20×20 పందిళ్లు ఐదు (నాలుగు పడకకు, ఒకటి కూర్చోడానికి), 10×20 పందిరి ఒకటి.

అన్నీ కలిపి ఒకే పెద్ద పందిరి వేస్తే పైపులు మిగులుతాయన్న ఆలోచన ఎవరో ఒకరు తెస్తారు. మిగులుతాయి, నిజమే. రెండు 20×20 పందిళ్లు విడివిడిగా వేస్తే 42 పైపులు, కలిపి 20×40 వేస్తే 37. ఐదు పైపుల కోసం ఒక మూల ఊడితే అంతా కూలే పరిస్థితి తెచ్చుకోవడం తెలివైన బేరం కాదు. 20×40 దాటొద్దు.

స్థలం లెక్కలో అందరూ మర్చిపోయేది తాళ్లు. 8 అడుగుల స్తంభం పై నుంచి 45 డిగ్రీల వాలులో తాడు దిగితే నేలను 8 అడుగుల దూరంలో తాకుతుంది. కాబట్టి నలువైపులా తాళ్లున్న 20×20 పందిరి తినే స్థలం 36×36. క్యాంపు లోపలి వైపు తాళ్లను నిటారుగా, నాలుగున్నర అడుగుల దూరంలోనే దించుకోవచ్చు, పైకి లేవకుండా అవి బాగానే ఆపుతాయి. పక్కకు తోసే బలాన్ని ఆపలేవు గనక గాలి వచ్చే వైపు మాత్రం 45 డిగ్రీలే ఉండాలి. కాగితం మీద గళ్లు గీసి తాళ్లు, బోల్టులు సహా క్యాంపంతా గీయండి. వాహనం దూరేంత వెడల్పున, 20 అడుగుల దారి ఒకటి ఖాళీగా వదలండి. అగ్నిమాపక బండి రావాలన్నా, తిరుగు ప్రయాణంలో సామాను ఎక్కించాలన్నా అదే దారి. పెద్ద ట్రక్కు, వ్యాన్లు ఉంటే నైరుతి అంచున నిలపండి. కాస్త గాలి కాచుతాయి.

ఏ కట్టడం

మడత పందిళ్లు (10×10వి, సంతల్లో కనిపించేవి) మొదటి తుపానుకే చితికిపోతాయి. తేవద్దు. ఎలాగూ తెచ్చారంటే కాళ్లు అన్నిటికన్నా కింది గాటుకు దించి, నాలుగు మూలలూ నేలకు బిగించి, గాలి లేవగానే పై గుడ్డ పీకేయండి.

మంకీ హట్ అనే కమాను పాక చవకైనది, ఇద్దరు ముగ్గురికి బాగుంటుంది. రెండు 10 అడుగుల పీవీసీ పైపులు కలిపి, నేలలో దిగ్గొట్టిన రీబార్ (కాంక్రీటులో వేసే ఇనప కడ్డీ) ముక్కల మీద రెండు చివరలూ తొడిగి వంచితే దాదాపు 12 అడుగుల వెడల్పు, 6 అడుగుల ఎత్తు వస్తుంది. ఇలాంటి కమానులు ఐదారు వరసగా నిలిపి గుడ్డ కప్పుతారు. గుండ్రంగా ఉంటుంది గనక గాలి జారిపోతుంది. చిక్కల్లా పీవీసీతోనే. రెండు మూడేళ్లు ఎండలో ఉన్న పైపు పెళుసెక్కి, వంచేటప్పుడే పగులుతుంది.

హెక్సాయర్ట్ అసలు నీడ పందిరే కాదు, ఇల్లు. 4×8 అడుగుల పాలీఐసో (వేడిని ఆపే నురగ పలక) అట్టలు 12 ఉంటే ఆరు మూలల గది తయారవుతుంది, లోపల 166 చదరపు అడుగులు. పగలు నిద్రపోవాలంటే అంతకన్నా చల్లనిది లేదు. బృందానికంతా నీడ కావాలంటే మాత్రం ఇది దారి కాదు.

20 మంది దాటిన బృందాలకు కండ్యూట్ పందిరే సరైనది. విద్యుత్ తీగలు లాగడానికి వాడే ఈఎంటీ ఇనప పైపులు, వాటిని కలిపే కెనోపీ ఫిట్టింగులు. విరిగితే ఒక పైపు మారిస్తే సరిపోతుంది, విప్పితే కట్టలా బండిలో పడుతుంది, ఏళ్ల తరబడి వాడుకోవచ్చు. ఇక్కడి నుంచి చెప్పేదంతా దీని గురించే.

ఒక 20×20 పందిరికి సామాను

పైపులు 1 అంగుళం ఈఎంటీ, 10 అడుగులవి, 21. వీటిలో 12 పైకప్పుకు, 9 కాళ్లకు. ముప్పావు అంగుళానివి చవకని కొంటే 10 అడుగుల దూరంలో మధ్యలో వంగిపోతాయి. ఫిట్టింగులు కూడా 1 అంగుళం ఈఎంటీకి అని రాసి ఉన్నవే తీసుకోవాలి. నీళ్ల పైపుల 1 అంగుళం వేరు, ఈఎంటీ 1 అంగుళం వేరు, బయటి కొలత కలవదు.

ఫిట్టింగులు: మూలలకు మూడు నోళ్లవి 4, అంచుల మధ్యకు నాలుగు నోళ్లవి 4, నడిమధ్యకు ఐదు నోళ్లది 1, కాళ్ల అడుగున పాదాలు 9. ప్రతి నోటికీ ఒక బిగింపు మర ఉంటుంది. లెక్కేస్తే పైన 33, పాదాలకు 9, మొత్తం 42. ఇవి ప్లాయా దుమ్ములో పడితే మళ్లీ కనబడవు, ఐదారు అదనంగా పెట్టుకోండి.

కాళ్లను ఇంటి దగ్గరే 8 అడుగులకు కోసేయాలి. బద్ధకించి 10 అడుగులవే నిలబెడితే గాలికి ఊతం దొరుకుతుంది, నీడ ఇంకా దూరం జరుగుతుంది, గుడ్డ బిగించడానికి నిచ్చెనా కావాలి.

గుడ్డ: 70 శాతం నీడనిచ్చే అల్యూమినెట్, 19×19 అడుగులు, అంచుకు పట్టీ కుట్టి రింగులు కొట్టించింది. వెండి పూత ఉన్న ఈ అల్లిక ఎండను వెనక్కి తిప్పికొడుతుంది, సందుల్లోంచి గాలిని పోనిస్తుంది, అందుకే పైన వేసిన 1,670 కిలోల లెక్క దీనికి బాగా తగ్గుతుంది. కొలత చట్రం కన్నా ఒక అడుగు తక్కువ ఉండటం కావాలనే, ఆ సందులోనే బంగీలు (సాగే రబ్బరు తాళ్లు) సాగుతాయి. చివర బంతి ఉండే 6 అంగుళాల బాల్ బంగీలు 2 అడుగులకొకటి చొప్పున 40. నీలం టార్పాలిన్ జోలికి పోవద్దు. గాలికి అంచులు పోగులు పోగులుగా రాలి, ఆ ప్లాస్టిక్ పీచు ఏరుకోవడానికి ఒక పూట పడుతుంది. చదునైన కప్పు మీద టార్పాలిన్‌తో ఇంకో గండం వాన. 20×20 మీద ఒక అంగుళం నీరు నిలిస్తే 940 కిలోలు. అల్యూమినెట్ మీద నీరు నిలవదు, కారిపోతుంది.

నేల పట్టు

ఇక అసలు సంగతి. ప్లాయాలో బాగా పనిచేసేది ల్యాగ్ స్క్రూ (ఇంతదాకా బోల్టు అన్నది దీన్నే): అర అంగుళం మందం, 14 అంగుళాల పొడవు, ఆరు పలకల తల. తల కింద ఒక వాషర్, దాని కింద మూడు లంకెల గొలుసు ముక్క. మొదటి లంకెలోంచి స్క్రూ దూరుతుంది, చివరి లంకెకు పందిరిని లాగి పట్టే పట్టీ కొక్కెం తగులుతుంది. 18 వోల్టుల ఇంపాక్ట్ రెంచికి (బోల్టులు తిప్పే బ్యాటరీ యంత్రం) ముప్పావు అంగుళం సాకెట్ తగిలించి నేరుగా, నిటారుగా దించాలి. తల నేలకు ఆనగానే ఆపేయాలి. ఆ తర్వాత కూడా తిప్పుతూ పోతే చుట్టూ మట్టి పిండై పట్టు పోతుంది. బిగుతు సరిపోయిందో లేదో శబ్దంలోనే తెలుస్తుంది: ముందు మెత్తగా గుయ్‌మని తిరిగినది చివరి రెండు అంగుళాల్లో టకటకమని కొట్టుకుంటుంది. ఆ టకటక రాలేదంటే అక్కడ నేల వదులు, అడుగు పక్కకు జరిపి మళ్లీ దించండి. పట్టీ తగిలించి మనిషి బరువంతా వేసి లాగినా కదలకూడదు.

రీబార్ కూడా పనికొస్తుంది. సుత్తితో కొట్టాలి, పీకేటప్పుడు నడుములు పోతాయి. వాడితే 3 అడుగుల ముక్కలు, పై కొన చేతికర్రలా వంచినవి, పందిరికి ఎదురు వైపు తల వాలేలా కొట్టాలి. వంచని కొనలకు తప్పకుండా టోపీ పెట్టాలి. చీకట్లో దాని మీద పడితే కాలు చీరుకుపోతుంది.

ఒక పందిరికి స్క్రూలు 21: పాదానికొకటి చొప్పున 9, తాళ్లకు 12 (నాలుగు మూలలకు రెండేసి, నాలుగు అంచుల మధ్యకు ఒక్కోటి). 10×20 పందిరికి 6 పాదాలు, 10 తాళ్లు, 16 స్క్రూలు. మన 24 మంది క్యాంపుకు మొత్తం 121. గుడారాలకు వేరే. 135 పట్టుకెళ్లండి. ప్రతిదానికీ రంగు పూసి అంకె రాస్తే చివరి రోజు ఏది నేలలో ఉండిపోయిందో తెలుస్తుంది.

తాళ్ల బదులు 1 అంగుళం రాచెట్ పట్టీలు (పళ్ల చక్రంతో బిగించేవి) సులువు. పట్టీని ఒక్క మెలి తిప్పి కట్టండి. చదునుగా ఉంటే గాలికి రాత్రంతా బుయ్‌మని మోగుతుంది, ఆ అదురుకే కొక్కెం వదులవుతుంది. కొక్కేలకు మూత లేకపోతే టేపు చుట్టండి. వాహనానికి పట్టీ కట్టొద్దు. ఎవరో ఒకరు మర్చిపోయి బండి తీస్తారు.

నిలబెట్టే వరస

పొద్దున్నే, గాలి లేనప్పుడు మొదలుపెట్టండి. ఒక్కో పందిరికి ఎనిమిది మంది ఉంటే హాయిగా అవుతుంది.

1. నేల మీద నాలుగు మూలలూ గుర్తు పెట్టి కర్ణాలు కొలవండి. రెండూ 28 అడుగుల 3 అంగుళాల చుట్టుపక్కల సమానంగా రావాలి. ఇక్కడ తేడా ఉంటే పైపులు ఫిట్టింగుల్లో కూర్చోవు, గుడ్డ ఒక మూల ముడతలు పడుతుంది.

2. తాళ్ల స్క్రూలు 12 ముందే దించేయండి. పందిరి లేచాక స్క్రూ కోసం వెతుక్కుంటుంటే విసురు ఆగి చూడదు.

3. పైకప్పు చట్రం నేల మీదే బిగించండి. మరల కళ్లు (తలకుండే రింగులు) లోపలికో కిందికో తిరిగి ఉండాలి, పైకి ఉంటే గుడ్డకు రాసుకుని చిరుగుతుంది. ఫిట్టింగుల మీద పాత సాక్సు తొడగడం చూడటానికి బాగోదు గానీ గుడ్డకు మంచిది.

4. పట్టీలన్నీ మూలలకు, మధ్యలకు ఇప్పుడే తగిలించండి. గుడ్డ పరిచి బంగీలు పెట్టండి. ముందు నాలుగు మూలలు, తర్వాత ఎదురెదురు అంచులు.

5. గాలి వచ్చే వైపు అంచు నేల మీదే ఉంచి, ఎదుటి అంచు ఎత్తి మూడు కాళ్లు తొడగండి. తర్వాత నడిమి వరస, చివర గాలి వైపు. ప్రతి మూల దగ్గరా ఒక మనిషి పట్టీ చేత్తో పట్టుకునే ఉండాలి.

6. గాలి వైపు పట్టీలు ముందు కొక్కెం వేసి, అన్నీ తగిలాక ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించుకుంటూ రండి. ఒకే వైపు లాగేస్తే పందిరి ఒరిగిపోతుంది.

7. పాదాల స్క్రూలు దించి, మరలన్నీ ఇంకోసారి తిప్పి చూడండి. గంట తర్వాత మళ్లీ. పైపులు సర్దుకున్నాక సగం మరలు అర చుట్టు వదులవుతాయి.

8. పడమర, తూర్పు గోడలు ఆఖరున. వీటికీ బంగీలే, తాళ్ల ముడులు వద్దు.

బంగీలు తెగిపోతున్నాయని విసుక్కుని ప్లాస్టిక్ టైలు వేసేవాళ్లుంటారు. బంగీ ఇంట్లో ఫ్యూజు లాంటిది. విసురు మితిమీరితే అది తెగి గుడ్డను వదిలేస్తుంది, చట్రం బతుకుతుంది. టై తెగదు, పైపు వంగుతుంది.

చీకటి పడే ముందు ప్రతి పట్టీకీ తెల్ల గుడ్డ పీలిక, ప్రతి స్క్రూ దగ్గరా చిన్న దీపం. రాత్రి సైకిళ్ల మీద వచ్చేవాళ్లకు పట్టీ కనబడదు.

పందిరి కింద

గుడారం పైకప్పుకూ నీడ గుడ్డకూ మధ్య కనీసం ఒక అడుగు, కుదిరితే రెండడుగులు గాలి ఆడాలి. గుడ్డను నేరుగా గుడారం మీద కప్పితే ఆ వేడంతా లోపలికే దిగుతుంది. పందిరి కింద ఉన్నా గుడారాలను నేలకు బిగించాల్సిందే. పైన జల్లెడ బట్ట ఉన్న గుడారాల్లోకి దుమ్ము పిండిలా రాలుతుంది, ఆ జల్లెడ మీద ఇంటి దగ్గరే మామూలు గుడ్డ కుట్టించండి.

అల్యూమినెట్ పాలిథీన్‌తో అల్లింది, నిప్పు తగిలితే కరిగి బొట్లుగా పడుతుంది. స్టవ్‌ను గుడ్డ కింద వెలిగించొద్దు. వంట పందిరి కింద కోసుకోవడం, కడుక్కోవడం, నిల్వ. పొయ్యి బయట, గాలి పోయే ఈశాన్య వైపు. జనరేటర్ కూడా పడక పందిళ్లకు దూరంగా, పొగ లోపలికి రాకుండా.

గాలి లేచినప్పుడు, వాన పడినప్పుడు

రోజుకు రెండు సార్లు, ఉదయం ఒకసారి, మూడింటికి ఒకసారి, ఎవరైనా ఒకరు పట్టీలన్నీ చేత్తో తట్టి చూసే వంతు పెట్టుకోండి. నైరుతిన తెల్లటి గోడలా దుమ్ము కనబడితే మీ దగ్గర నిమిషాలే ఉంటాయి. ముందు పక్క గోడలు లాగేయండి, కప్పు వదిలేయండి. ఎగిరే కుర్చీలు, డబ్బాలు లోపల పడేయండి. కాళ్లను పట్టుకుని వేలాడొద్దు, లేచిపోయే పందిరిని మనిషి బరువు ఆపలేదు, పైపు మాత్రం తల పగలగొడుతుంది. 2025లో ఉత్సవం మొదలయ్యే వారాంతంలోనే దుమ్ము తుపాను కొన్ని క్యాంపుల కట్టడాలను కూల్చింది. సామాను దించిన మొదటి రోజు సగం బిగించి నిద్రపోకండి. పూర్తి కాని పందిరికి ఆ రాత్రికి గుడ్డ వేయకుండా వదిలేయడమే నయం.

వానది వేరే తంటా. 2023 సెప్టెంబరు మొదట్లో పడిన వానకు ప్లాయా బంకైపోయి, రాకపోకలు ఆగి, 70 వేల మంది దాకా అక్కడే ఇరుక్కుపోయారు. తడిసిన మట్టిలో స్క్రూల పట్టు సడలుతుంది. బురద ఆరి గట్టిపడ్డాక ప్రతి స్క్రూనూ మళ్లీ లాగి చూడాలి. నీడ గుడ్డ వానను ఆపదు గనక గుడారాలకు వాన కప్పు ఇంట్లో వదిలి రావద్దు.

విప్పడం

వరస తిరగేయడమే. గోడలు, పైగుడ్డ, కాళ్లు, చట్రం, అన్నిటికన్నా చివర స్క్రూలు. గుడ్డ ఉండగా పట్టీలు వదిలేయడం చివరి రోజు అలసటలో చాలామంది చేసే పొరపాటు. స్క్రూలు ఇంపాక్ట్ రెంచి వెనక్కి తిప్పితే వచ్చేస్తాయి. మొండికేసిన దానికి చుట్టూ కాసిని నీళ్లు పోసి పది నిమిషాలు ఆగండి. గుంత పూడ్చి కాలితో తొక్కి చదును చేయండి. అంకెలు చూసి 121 లెక్క సరిపోయాకే బండి ఎక్కించండి. ఆ నేల కేంద్ర భూనిర్వహణ శాఖది, ఉత్సవం అయ్యాక తనిఖీ ఉంటుంది. నిర్వాహకుల పునరుద్ధరణ బృందం ఏ క్యాంపు చోట ఎంత చెత్త మిగిలిందో పటం మీద ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో గుర్తిస్తుంది. పందిళ్ల కింద ఎక్కువగా దొరికేవి తెగిన బంగీ బంతులు, టేపు ముక్కలు, మరలు. ఇనప వాటికి అయస్కాంతపు కర్రతో ఒక తిప్పు, మిగతా వాటికి అందరూ భుజం భుజం కలిపి వరసగా నడుస్తూ వంగి ఏరడం.

ఇంటికి చేరాక పైపులు, ఫిట్టింగులు, రాచెట్లు నీళ్లలో కాస్త వెనిగర్ కలిపి తుడవండి, తర్వాత మంచినీళ్లతో. ఆ క్షారపు దుమ్మును అలాగే వదిలేస్తే ఏడాదికల్లా మరలు బిగుసుకుపోతాయి, రాచెట్ల పళ్లు కదలవు. మంచినీళ్లు ఆరాక మరలకు చుక్క నూనె వేసి, పందిరికి 42 చొప్పున మరలన్నీ ఒక డబ్బాలో పోసి, మూత మీద లెక్క రాసిపెట్టండి.